జైనబ్ కొరమీను చారు

అమెరికాలోని నోవైలో ఆ అపార్ట్‌మెంట్ల వాళ్లకు దగ్గొచ్చినా, కడుపునొప్పి వచ్చినా ముందు తట్టేది జైనబ్ తలుపే. మలేషియా మనిషి, మంత్రసాని కూతురు. పగలంతా డ్రైక్లీనింగ్ షాపులో ఇస్త్రీ చేసి, సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడేది. దగ్గుకు తేనెలో నల్ల జీలకర్ర, నీరసానికి ఖర్జూరం వేసిన బార్లీ జావ. జ్వరం తగ్గకపోతే మాత్రం, "ఇది నా వల్ల కాదు" అంటూ తనే కారులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది. టెన్త్‌తో చదువాగిన పొరుగింటి తెలుగమ్మాయి నవోమి భయం లేకుండా ఇంగ్లీషు మాట్లాడింది ఆమెతోనే.

ఎనభై మూడు చలికాలంలో నవోమికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తెనాలి నుంచి వచ్చిన అత్తగారు జ్ఞానమ్మ పథ్యం మొదలుపెట్టింది. పప్పు తింటే కుట్లు చీము పడతాయట. రోజూ వెల్లుల్లి కారం, అన్నం. నవోమికి ముద్ద దిగేది కాదు. పాలు తగ్గాయి. బిడ్డ రొమ్ము వదిలేసి ఏడుస్తుంటే తనూ ఏడ్చేది.

ఒక సాయంత్రం జైనబ్ చారు తెచ్చింది. గుమ్మంలో నిలబడి ఏదో చదివి, గిన్నె మీద మెల్లగా ఊదింది.

"మంత్రించిన కూడు మా ఇంటికొద్దు. చెప్పవే ఆవిడకి!" అంది జ్ఞానమ్మ.

నవోమి చెప్పకుండానే అర్థమై, జైనబ్ గిన్నెతో వెనుదిరిగింది.

మర్నాడు ఆమె మళ్లీ వచ్చింది. చేతిలో గిన్నె లేదు, డెట్రాయిట్ చైనా కొట్లో కొన్న చేప ఉంది. జ్ఞానమ్మ కాగితం విప్పింది.

"ఓసినీ, కొరమీను! కుట్లున్నదానికి నీచు పెడతారటే?"

"మా ఊళ్లో కుట్లున్నవాళ్లకే ఇది పెడతారు," అంది జైనబ్. నవోమి తెలుగులో చెప్పింది. జైనబ్ చేపకు ఉప్పు రాయబోయింది.

"అట్టా కాదమ్మా, బూడిదేసి తోమాలి! ఈ దేశంలో బూడిదక్కూడా కరువే. ఇటివ్వు!"

అల్లం, పసుపు, మిరియాలతో చారు మరిగింది. అప్పుడు జైనబ్ అంది, "అమ్మా, ఇవాళ నేను చదవను. మీరే ప్రార్థన చెయ్యండి."

నవోమి ఆ మాట అత్తగారికి చేరవేసింది. జ్ఞానమ్మ తల మీద కొంగు ముసుగేసుకుంది. తెనాలి చర్చి సంఘంతో మొదలుపెట్టి రోగులందరినీ తలచుకునేసరికి చారు చల్లారిపోయింది. అంతసేపూ తల వంచుకునే ఉన్న జైనబ్, దాన్ని మళ్లీ వేడిచేసింది.

"తాగు. ముల్లు తగిలితే చెప్పు," అని జ్ఞానమ్మే గిన్నె అందించింది.

నవోమి అడుగంటా తాగి, "ఇంకొంచెం పొయ్యండి అత్తయ్యా," అంది.

కొన్నాళ్లకు బిడ్డ పాలు తాగుతూనే నిద్రపోసాగింది. ప్రార్థన ఫలించిందని జ్ఞానమ్మ అందరికీ చెప్పుకునేది. జైనబ్ కాదనేది కాదు. చారు మరగగానే, "అమ్మా, ప్రేయర్," అని పిలిచేది.