సూదుల సంచి

స్టోర్‌కీపరమ్మ ఇల్లెక్కడంటే ఆ వీధిలో ఎవరైనా చూపిస్తారు. యంత్రాల కర్మాగారంలో పనిముట్ల గది తాళంచెవి ఏళ్ల తరబడి ఆమె నడుముకే వేలాడింది. సాయంత్రం గంట మోగేసరికి బయటికెళ్ళిన ప్రతి రెంచీ, ప్రతి సుత్తీ తిరిగి దాని గూట్లో పడాలి. పడకపోతే పెద్ద ఇంజనీరుకైనా సరే, గేటు తెరుచుకునేది కాదు. ఉద్యోగం అయిపోయిన రోజున తాళంచెవి అప్పగించింది గానీ, ఆ బుద్ధిని మాత్రం ఇంటికి తెచ్చేసుకుంది.

ఖాళీగా కూర్చోలేక ఊలు అల్లిక మొదలుపెట్టింది. మొదలుపెట్టిందంటే అల్లేసిందనుకునేరు! ముందు సూదులు కొంది. లావువి, సన్నవి, వెదురువి, ఉక్కువి. వాటికోసం మెత్తటి ఉన్నిగుడ్డతో పెద్ద సంచి కుట్టింది. పరిస్తే సగం మంచం ఆక్రమిస్తుంది, చుట్టి నాడా కడితే చంకలో ఇముడుతుంది. జతకో అర, అరకో నంబరు, ఆ నంబరు ఎర్రదారంతో. ఇంటికెవరొచ్చినా మంచినీళ్ళకన్నా ముందు ఆ సంచి వచ్చేది. భర్త పాపం కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మర్చిపోయి తడుముకుంటుంటే, "నా సూదుల్ని చూసైనా నేర్చుకోండి" అని దెప్పేది.

కూతురికి నెలలు నిండుతున్నాయి. బిడ్డ పుట్టేది మంచి చలిలో. స్టోర్‌కీపరమ్మ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ప్రకటించేసింది.

"బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేది నేనల్లిన స్వెట్టర్‌లోనే. ఇంకెవరూ చెయ్యి పెట్టొద్దు."

ఆ చివరి మాట తోడికోడలికి. ఆవిడ సూదులకి ఇల్లూ వాకిలీ లేవు. ఒకటి చెవి విరిగిన జగ్గులో, ఒకటి సోఫా సందులో, ఇంకొకటి ఎప్పుడూ కొప్పులో. ఒకదానికొకటి జత కూడా కాదు. అయినా ఆ చేతుల్లోంచి స్వెట్టర్లు ఊడిపడుతూనే ఉంటాయి. అదే మన స్టోర్‌కీపరమ్మకి కంట్లో నలుసు.

రోజూ పొద్దున్నే నాడా విప్పి, నాలుగో నంబరు జత తీసి, కుట్లెక్కించి అల్లేది. చెయ్యి మంచిదే, అబద్ధమెందుకు! సాయంత్రమైతేనే వచ్చేది తంటా. సంచి చుట్టబోతే నాలుగో అర ఖాళీగా కనిపించేది. ప్రాణం ఒప్పేది కాదు. కాసేపు అటూ ఇటూ తిరిగేది, చూడనట్టు నటించేది. ఆఖరికి సూదులు లాగేసి, అల్లినదంతా విప్పి ఉండ చుట్టి, జతని అరలో పెట్టేది. అప్పుడుగానీ గొంతులోకి ముద్ద దిగేది కాదు.

"కుట్లు ఓ దారానికెక్కించి సూదులు లోపల పెట్టేసుకోవచ్చు కదక్కా?" అంది తోడికోడలు ఒకరోజు ఉండబట్టలేక.

"మళ్ళీ ఎక్కించేటప్పుడు ఓ కుట్టు జారితే? నీలా అడ్డదిడ్డంగా చెయ్యడం నాకు చేతకాదమ్మా."

"పోనీ, నన్ను మొదలుపెట్టమంటావా?"

"చెప్పానా, చెయ్యి పెట్టొద్దని!"

తోడికోడలు కొప్పులో సూది సర్దుకుని వెళ్ళిపోయింది.

డాక్టరు చెప్పినదానికన్నా ముందే బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఇంటికి పంపేస్తామన్న రోజున వాన, ఒళ్ళు కొరికే ఈదురుగాలి. ఆసుపత్రి గదిలో కూతురు చెయ్యి చాచింది.

"అమ్మా, స్వెట్టరివ్వు."

స్టోర్‌కీపరమ్మ చేతిబుట్టలో ఊలు ఉండ ఉంది, చుట్టి నాడా కట్టిన సూదుల సంచి ఉంది. స్వెట్టర్ ఒక్కటే లేదు.

"మళ్ళీ విప్పేశావా?" అంది కూతురు.

ఆ మాటకి ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఆశగా తోడికోడలి వైపు తిరిగింది. తను ఎంత వద్దన్నా ఆవిడ చాటుగా ఒకటి అల్లే ఉంటుంది కదా!

"నువ్వే చెయ్యి పెట్టొద్దన్నావు కదక్కా," అంది తోడికోడలు. చేతులు ఖాళీగానే ఉన్నాయి.

బిడ్డ తుమ్మింది. కూతురు బుట్టలోంచి సంచి లాగి, నాడా విప్పి ఒక్క దులుపు దులిపింది. వెదురువీ ఉక్కువీ గలగలమంటూ మంచాల కిందికి దొర్లిపోయాయి. ఆ ఉన్నిగుడ్డలో బిడ్డని చుట్టి నాడా కట్టింది. చిన్నారి గడ్డం కింద ఎర్రదారంతో నాలుగు అంకె.

"భలే వెచ్చగా ఉందే! ఎక్కడ కొన్నారు?" అంది నర్సు.

"మా అమ్మ కుట్టింది. సూదులకి," అంది కూతురు.

స్టోర్‌కీపరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని సూదులు ఏరుకుంటూ ఏడ్చేసింది. సూదుల కోసం మాత్రం కాదు.

ఇంటికొచ్చాక సూదులన్నీ పాత పేపర్లో బల్లమీద పడున్నాయి. ఆమె అందులోంచి ఓ జత వెతికి తీసి, కుట్లెక్కించి కూర్చుంది. సాయంత్రమైంది. అలవాటుగా లేచి, చేతిలోని సగం స్వెట్టర్‌తో గదంతా కలయజూసింది. సూదులు పెట్టడానికి అర ఎక్కడుంది? అరలన్నీ పక్కగదిలో నిద్రపోతున్నాయి.

భర్త గొంతు సవరించుకున్నాడు. "ఇంకో సంచి కుట్టుకుంటావా? గుడ్డ తెచ్చిపెట్టనా?"

"తెచ్చారంటే ఊరుకోను!" అని కసిరి, సగం స్వెట్టర్‌ని సూదులతో సహా ఆయన కళ్ళజోడు మీద పడేసి అన్నానికి లేచింది.