ఎనిమిది మేకుల రివాల్వర్

మా మేనమామ దగ్గర ఒక రివాల్వర్ ఉంది. భయపడాల్సిన పని లేదు. దాని గొట్టం నిండా ఇనుమే, చీమ కూడా దూరదు. పాతకాలపు రివాల్వర్‌ను చూసి నాటకాల కోసం పోత పోయించిన బొమ్మ అది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మామ సూర్యాపేట చుట్టుపక్కల నాటకాల్లో ఇన్‌స్పెక్టర్ వేషం వేస్తున్నాడు. కథలు మారాయి, ఆయన మాత్రం ఇన్‌స్పెక్టరే. దసరా నాడు కొడవలి, స్కూటరు పక్కన పీట వేసి దానికీ పసుపు కుంకుమ పెడతాడు. "గింత ముద్దుగ నాకెన్నడన్న బొట్టు పెట్టినవా?" అని అత్త ఏటా అడుగుతుంది. ఆయన ఏటా విననట్టే ఉంటాడు.

దాని చక్రంలో ఆరు మేకులుండేవి. దీపావళి తుపాకిలో పేల్చే ఎర్ర కాగితపు బిళ్ళను ఒక్కో మేకుకు అన్నం మెతుకుతో అంటించాలి. ట్రిగ్గర్ లాగితే చక్రం ఒక మేకు జరిగి, సుత్తి వచ్చి బిళ్ళ మీద పడుతుంది. పేలితే పేలింది, లేకపోతే టక్‌మంటుంది. పేలనప్పుడు నాటకం ఆగిపోకుండా మామకూ ఆయన ఎదుట విలన్ వేసే స్నేహితుడికీ ఒక ఒప్పందం ఉంది. టక్ వినబడగానే విలన్ పడిపోవాలి, మోగినా మోగకున్నా. ఆ స్నేహితుడు పాలకేంద్రంలో పనిచేసి రిటైరైన మనిషి, మామను బావా అంటాడు. మొత్తంమీద శబ్దంతో చచ్చిన దానికంటే శబ్దం లేకుండా చచ్చిందే ఎక్కువ అని నా అంచనా.

పోయిన ఎండాకాలం మోతె ఊళ్ళో ఆడినప్పుడు మళ్ళీ టక్‌మంది. విలన్ పద్ధతిగా పడ్డాడు. జనంలోంచి ఎవరో నోటితో "ఠాప్" అన్నారు. పందిరంతా నవ్వింది. మామ రివాల్వర్‌ను నడుముకు దోపుకుని మిగతా డైలాగులు చెప్పి ముగించాడు. మర్నాడు నా దగ్గరికి వచ్చాడు.

"కోదాడల పోటీలున్నయి. గాడ గూడ పేలకపోతే ఇగ మొకానికి రంగెయ్య అల్లుడా. ఖతం."

"ఫోన్‌లో శబ్దం పెట్టి మైకులో వినిపిద్దాం మామా," అన్నాను.

"తుపాకి నా చేతిల, సప్పుడు గోడ మీది డబ్బాల. గదేం కాల్చుడురా?"

నేను పదో తరగతి దాటలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఇళ్ళు కట్టేవాళ్ళకు ఇనుమెంత, సిమెంటెంత అని వేసిస్తాను. అందుకే మామకు నా మీద ఆ నమ్మకం. నేను చూసిన దుకాణాల్లో కాగితపు బిళ్ళలు దొరకలేదు, ఒకచోట ఉన్నవి చెమ్మపట్టి ఉన్నాయి. ఇప్పటి పిల్లల తుపాకులకు ప్లాస్టిక్ రింగులు వస్తున్నాయి. రింగుకు ఎనిమిది చిన్న గిన్నెలు, ఒక్కో గిన్నెలో మందు. చెమ్మకు అంత తొందరగా లొంగవు. చిక్కల్లా ఒకటే. గిన్నెలు ఎనిమిది, మేకులు ఆరు.

రివాల్వర్ పట్టుకుని మిర్యాలగూడ వెళ్ళాను. అక్కడ రైస్‌మిల్లులకు షాఫ్టులు చేసే లేత్ మిస్త్రీ ఒకాయన నాకు తెలుసు. సంచిలోంచి తీయగానే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"నా పిల్లలు సదువుకుంటున్నరన్నా. గిసొంటియి నేను ముట్ట."

గొట్టంలోకి చీపురుపుల్ల పెట్టి చూపించాను. దూరలేదు. ఇంకో పుల్లతో ఆయనే మళ్ళీ చూసుకున్నాడు. ఆ తర్వాత టీ చెప్పాడు.

ఎనిమిది మేకులతో కొత్త చక్రం చేశాడు. మేకుకూ మేకుకూ నలభై ఐదు డిగ్రీలు, నేనే గీసిచ్చాను. రింగు చక్కగా కూర్చుంది. పేల్చి చూస్తే ఠాప్, టక్, టక్, ఠాప్.

"ఒకటి పేలి రెండు సస్తున్నయి," అన్నాడు మిస్త్రీ. "ఎనకట మా బాయికాడి కరెంటు తీరుగుంది నీ తుపాకి."

నాకు మాత్రం అందులో ఏదో వరస కనబడింది. చక్రాన్ని జరిపే పళ్ళు వెనక వైపున్నాయి. మేకులు మార్చాం కానీ, పాత ఆరు పళ్ళనే తీసి దీనికి బిగించాం. లాగినప్పుడల్లా చక్రం అరవై డిగ్రీలు జరుగుతోంది. అరవై దగ్గర మేకు లేదు, నూట ఇరవై దగ్గర లేదు. నూట ఎనభై దగ్గర మళ్ళీ ఉంది. అందుకే మొదటిదీ నాలుగోదీ. ఆ సంగతి చెబితే ఆయన నవ్వి, ఎనిమిది పళ్ళు కోశాడు. పళ్ళను నెట్టే నాలుకను కూడా కొంచెం అరగదీశాడు. ఈసారి ఎనిమిదికి ఎనిమిదీ మోగాయి. పక్క దుకాణంవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

మామకు ఒకటే మాట పదేపదే చెప్పాను. "ఒకటి పేలకపోతే ఆగకు మామా, మళ్ళ లాగు. ఎనకాల ఇంకా ఏడుంటయి."

"ఇన్‌స్పెక్టర్ రెండోసారి లాగడురా. గురి తప్పినోడే లాగుతడు."

కోదాడలో సాయంత్రం మొదటి నాటకం మాదే. రింగు నేనే ఎక్కించి ఇచ్చాను. తెర లేచే ముందు వెనకాల సామానుకు పూజ చేయడం మావాళ్ళ ఆనవాయితీ. కిరీటాలున్న రోజుల్లో కిరీటాలకు చేసేవారు, ఇప్పుడు రివాల్వర్‌కూ లాఠీకీ చేస్తారు. మామ పళ్ళెంలో రివాల్వర్ పెట్టి, దండం పెట్టుకుని, పక్కనే కొబ్బరికాయ కొట్టాడు. దాన్ని నడుముకు దోపుకుని వెళ్ళిపోయాడు. నేను పళ్ళెం తీసి పక్కన పెట్టబోతే అందులో నీళ్ళు కదిలాయి. చక్రం ఆనిన చోటే కొబ్బరినీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. రింగు చెమ్మకు ఆగుతుంది కానీ, నీళ్ళలో నానితే ఆగదు. ఒక పక్కగా పడుకోబెట్టాడు కాబట్టి రెండు గిన్నెలు తడిసి ఉండాలి, మహా అయితే మూడు. కానీ సుత్తి కిందికి ముందుగా ఏవి వస్తాయో చెప్పలేను. జేబులో కొత్త రింగులున్నాయి. కానీ అప్పటికే తెర లేచింది, చివరిదాకా మామ వేదిక దిగడు.

చివరి రంగం వచ్చింది. మామ రివాల్వర్ తీసి గురిపెట్టాడు. లాగాడు.

టక్.

విలన్ పడిపోయాడు. గుండె పట్టుకుని, చేతులు చాచి, అలవాటు ప్రకారం చక్కగా పడ్డాడు. జనంలో నవ్వు మొదలైంది. మామ చేయి మెల్లగా నడుము వైపు దిగుతోంది. నేను పరదా పట్టుకుని నిలబడ్డాను. ఆ చేయి దోపుకుందంటే ఇక ఆయన రంగు పూసుకోడు.

చేయి సగంలో ఆగింది. మామ కింద పడ్డ స్నేహితుడిని చూశాడు.

"లేవరా," అన్నాడు. "నేనింకా కాల్చలే."

విలన్ ఒక కన్ను తెరిచాడు. డైలాగులో లేని మాట. బావ ముఖం చూసి నెమ్మదిగా లేచి, పంచె దులుపుకుని నిలబడ్డాడు.

"సచ్చుడుకు గూడ తొందరేనా నీకు?" అని మామ మళ్ళీ లాగాడు.

ఠాప్.

నీలం పొగ లేచింది. విలన్ రెండోసారి పడ్డాడు, మొదటిదానికంటే బాగా. నవ్విన జనమే చప్పట్లు కొట్టారు. "ఇంకోసారి పేల్చండి మాస్టారూ," అని ముందు వరసలోంచి ఎవరో అడిగారు. మామ ఇన్‌స్పెక్టర్ కాబట్టి అటు చూడలేదు.

బహుమతి వేరేవాళ్ళకు పోయింది. తిరిగొచ్చేటప్పుడు వ్యాన్‌లో మామ రివాల్వర్‌ను తువ్వాలలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. "బావా, లేవమన్నప్పుడు పానం పోయినంత పనైంది," అని స్నేహితుడన్నాడు. "పోయిందనే కదరా లేపింది," అన్నాడు మామ.

ఆ రెండుసార్ల చావును మా డైరెక్టర్ నాటకంలోనే ఉంచేశాడు. కాబట్టి ఇప్పుడు మొదటి దెబ్బ టక్‌మనే తీరాలి. ప్రదర్శన రోజు మామ పొద్దున్నే మా ఇంటికి వస్తాడు. కొత్త రింగులో ఒక గిన్నెను వాకిట్లోనే పేల్చేసి నాకిస్తాడు. ఆ ఖాళీ గిన్నె ముందు వచ్చేలా చూసి, రింగును తీసి తిరిగి మేకులకు తొడుగుతాను. వెంట స్నేహితుడు కూడా వస్తే, ఠాప్‌మన్న ప్రతిసారీ చాయ్ గ్లాసు కింద పెట్టి గుండె పట్టుకుంటాడు.

"ఇప్పుడే కాదురా," అంటాడు మామ, "సాయంత్రం."