దేవుడి గది మీది వరస

సోలార్ పలకలను ఎండెక్కాక కడగకూడదు. కాలిన అద్దం మీద చల్లనీళ్ళు పడితే పగులుతుంది. అందుకే మా అన్న హాతీరాం చీకటి ఉండగానే తండాలో బండి తీసేవాడు. వెనక అడ్డంగా కట్టిన పొడవాటి వెదురు గడ, దాని చివర మెత్తని గుడ్డ చుట్టిన తుడుపు, మెడలో తువ్వాలు, కాళ్ళకు రబ్బరు బూట్లు. ఏన్కూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. పిలిస్తే బూర్గంపాడు దాకా పోయేవాడు. ఎండాకాలం తునికాకు కోసమనీ, ఇప్పపువ్వు కోసమనీ అడవిలో నిప్పు పెడితే ఆ మసి గాలికి కొట్టుకొచ్చి డాబాల మీద పలకలను కమ్మేసేది. మిరపకాయ కల్లాల్లోకి వచ్చాక ఎర్ర దుమ్ము. మిగతా కాలమంతా పావురాలు, కోతులు. అన్నకు పని లేని రోజు ఉండేది కాదు.

"ఏంది హాతీరామన్నా, ఇయ్యాల సూర్యునికి ఏడ తానం పోసొస్తున్నవ్?" అని అడ్డరోడ్డు మీద టీ కొట్టు జంపయ్య కనిపించినప్పుడల్లా అడిగేవాడు.

"నీ కొట్టు మీద రేకులాయె. లేకుంటే నీకు సుత పోసేటోణ్ణి," అనేవాడు అన్న.

అన్న పోయి మొన్న వానాకాలానికి ఏడాది నిండింది. జ్వరమని ఖమ్మం దవాఖానాలో చేర్చాం. తిరిగి రాలేదు. ఆ మంచం మీద ఒక మధ్యాహ్నం, మా వదిన బాలి అన్నం తేవడానికి కిందికి వెళ్ళినప్పుడు, అన్న నాకొక సంగతి చెప్పాడు. మా లంబాడీ భాషలో చెప్పినదాన్ని తెలుగులో రాస్తున్నాను.

వెంకటరామారావు గారి తాతలు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. మిరప, పామాయిల్ తోటలు, రోడ్డు వార పెద్ద డాబా ఇల్లు. ఆ డాబా మీద సోలార్ బిగించినప్పుడు పలకలు మోసిన కూలీల్లో అన్న కూడా ఉన్నాడు. బిగించినవాళ్ళు వెళ్ళిపోయారు, కడిగే పని అన్నకు మిగిలింది. అన్న ఒప్పుకున్న మొదటి ఇల్లు అదే. మొదటిరోజు వెంకటరామారావు గారి భార్య బుల్లెమ్మ మెట్ల కింద నిలబడి, చెయ్యి చాపి చూపించింది.

"అదిగో నాయనా, ఆ ఈశాన్యం మూల వరస ఉంది చూశావూ, దాని కింద మా దేవుడి గది. ఆ మేర కాలు పెట్టకు. దేవుడి నెత్తిన నడిచినట్టు అవుద్ది. మా ఇంట్లో ఎవరం తొక్కం."

"గట్లనే పెద్దమ్మా," అన్నాడు అన్న.

ఆ మాట మీద ఎంత గట్టిగా నిలబడ్డాడంటే, ఆ వరస దగ్గరికొచ్చేసరికి దేవుడి గది గోడ ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఆగి, శ్లాబు మీద బోర్లా పడుకునేవాడు. చెంప సిమెంటుకు ఆనించి, గడ ముందుకు చాపి, పలకల కింది నుంచి పైకి తుడిచేవాడు. మిగతా వరసలన్నిటికీ ఎంతసేపు పట్టేదో ఆ ఒక్క వరసకు అంతసేపు పట్టేది. అయినా పలకల కింది అంచున ఎండిన రెట్టలు అట్టలుగా మిగిలిపోయేవి. దూరం నుంచి గడ ఎంత అదిమినా చేత్తో రుద్దినట్టు కాదు.

ఇది చాలదన్నట్టు సొంతంగా ఇంకో నియమం పెట్టుకున్నాడు. ఆ ఇంటికి వెళ్ళే రోజు తెల్లవారకముందే తలస్నానం చెయ్యాలి. ముందురోజు నుంచి నీసు ముట్టకూడదు. ఆ ఇంట్లో ఆదివారం ఆదివారం కోడి తెగుతుందని అన్నకు తెలుసు. "అది వాళ్ళిల్లు, వాళ్ళ దేవుడు. మీద తిరిగేటోణ్ణి నేను గద," అనేవాడు.

ఒకసారి వదిన తమ్ముడు పవన్ చుట్టపుచూపుగా వచ్చాడు. మర్నాడు అన్న ఆ ఇంటికి వెళ్ళాలి. దాంతో పవన్‌కు పప్పూ, పచ్చిపులుసే దొరికాయి.

"ఎవళ్ళో దేవుని గది మీద సోలారు పెట్టుకుంటే నా నోట్ల మన్ను పడ్డది గద బావా! రేపు వాళ్ళ బర్ల కొట్టం మీద సుత పెడితే గడ్డి పెడ్తవా ఏంది నాకు?" అని పవన్ గోల చేస్తే తండా అంతా నవ్వింది. అన్న కూడా నవ్వాడు. కానీ కోడిని మాత్రం కొయ్యనివ్వలేదు.

ఈ సంగతి మాటల్లో ఎప్పుడో బుల్లెమ్మ చెవిన పడింది. ఆమె కోడలు దీపికను పిలిచి, "విన్నావటే? మనవాళ్ళలో ఎవరికుంది ఇంత నిష్ఠ? హాతీరాం మన ఇంటి మనిషి," అన్నది. ఆ రోజు అన్నకు కాఫీ వాళ్ళు తాగే స్టీలు గ్లాసులో వచ్చింది.

అన్న ఆ మాటను తండాకు మోసుకొచ్చాడు. ఇంటి మనిషి. మా నాయన అలాంటి ఇళ్ళ వాకిట్లో చెప్పులు చేత పట్టుకొని నిలబడేవాడు. పిలిచేదాకా తల ఎత్తేవాడు కాదు. అన్న చిన్నప్పుడు ఆయన పక్కనే నిలబడ్డాడు. అందుకని ఆ మాటను మాకు ఎన్నిసార్లు చెప్పినా అన్నకు తనివి తీరేది కాదు. "ఎంత పెద్దిల్లు భానూ అది! నన్ను ఇంటి మనిషి అంటరు." ఉద్యోగం చేస్తున్న చెల్లెలిగా నేను తెచ్చిన గౌరవం కంటే ఆ ఒక్క మాట అన్నకు ఎక్కువ.

ఒక ఏడు చలికాలంలో వెంకటరామారావు గారు సోలార్ కరెంటు లెక్క చూపించే ఫోన్ చేతిలో పట్టుకొని వాకిట్లోకి వచ్చారు. మిరప తోటకు వెళ్ళాల్సిన కూలీలు అక్కడే ఉన్నారు.

"కరెంటు తగ్గిపోతోందేంటయ్యా? మెట్ల మీంచి చూస్తేనే కనపడుతోంది, ఆ మూల వరస కిందంతా రెట్టలు. పైకెళ్ళి పని చేస్తున్నావా, కునుకు తీస్తున్నావా?"

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అన్న బుల్లెమ్మ వైపు చూశాడు. ఆమె వరండాలో చేటతో పప్పు చెరుగుతోంది, తల ఎత్తలేదు. వినపడలేదేమో అనుకున్నాడు. ఆమె చెప్పిన మాటను ఆమె భర్త ముందు పెట్టి తగాదా పెట్టడం ఇంటి మనిషి చేసే పని కాదనుకున్నాడు.

"ఇంకింత మంచిగ చేస్త సార్," అని తల దించుకున్నాడు.

ఆ ఫాల్గుణంలో ఒకరోజు అన్న అనుకున్నదానికంటే ముందురోజే ఆ ఇంటికి వెళ్ళాడు. మర్నాడు బూర్గంపాడులో పని పడింది. స్నానం చేశాడు, నీసు మానాడు. బయటి ఇనప మెట్లెక్కి డాబా మీద తల పెట్టేసరికి ఈశాన్యం మూల, ఆ వరస పక్కనే, సరిగ్గా దేవుడి గది మీద తడి పంచె పరిచి ఉంది. బుల్లెమ్మ పీట వేసుకొని వడియాలు పెడుతోంది. దీపిక పిండి గిన్నె చంకనెత్తుకొని అటూ ఇటూ తిరుగుతోంది. ఆమె కాళ్ళకు చెప్పులున్నాయి.

"ఇవాళ వచ్చావేంటి హాతీరాం? రేపు కదా?" అన్నది బుల్లెమ్మ.

"రేపు బూర్గంపాడు పోవాలె పెద్దమ్మా. అందుకని..." అన్న చూపు దీపిక చెప్పుల మీదే ఉండిపోయింది. బుల్లెమ్మ ఆ చూపును పట్టుకుంది.

"స్నానం చేసే ఎక్కాంలే నాయనా," అన్నది.

"ఏటా ఇక్కడే కదత్తయ్యా పెడతాం, ఎండ బాగా తగులుద్దని. స్నానం చేయకుండా మాత్రం..." అంటున్న దీపిక అత్త మొహం చూసి ఆగిపోయింది.

'నేనూ తానం చేసే వచ్చిన గద' అనే మాట నోటి దాకా వచ్చిందట అన్నకు. మింగేశాడు. ఆడవాళ్ళు నీళ్ళు పోసుకుంటున్న చోటికి తెలియక వెళ్ళినవాడిలా, "మల్లొస్త పెద్దమ్మా," అని వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. జంపయ్య కొట్టు దగ్గర ఆగి, అతని హాస్యం మధ్యలోనే బండి తీశాడు.

ఆ తర్వాతి రోజుల్లో అన్నను పట్టి పీడించింది వాళ్ళ మీద కోపం కాదట. తను బోర్లా పడుకున్న తీరు కళ్ళముందు కదలడం. ఎదురింటి డాబా మీది నుంచి ఎవరైనా చూసి ఉంటారు. ఆ వాకిట్లో కూలీలు చూసి ఉంటారు. వాళ్ళు నడిచే చోట, వీడొక్కడు చెంప నేలకు ఆనించి గడ చాపుతుంటే ఎంత నవ్వుకొని ఉంటారు! ఇంటి మనిషినని తండాలో చెప్పుకున్నప్పుడల్లా విన్నవాళ్ళకు లోపల ఏమనిపించి ఉంటుంది! అన్న తిండి దగ్గర కూడా మాట్లాడడం మానేశాడు. వదిన అడిగితే తలనొప్పి అన్నాడు.

శ్రీరామనవమి దగ్గర పడుతుండగా బుల్లెమ్మ ఫోన్ చేసింది. చుట్టాలొస్తున్నారు, పైన మసి పట్టింది, రమ్మన్నది. ఆ పొద్దున అన్న స్నానం చెయ్యలేదు. రాత్రి మిగిలిన కోడికూర పొయ్యి మీద పెట్టమన్నాడు.

"ఇయ్యాల పెద్దమ్మ వాళ్ళింటికి గద?" అన్నది వదిన.

"పెట్టమన్న గద."

జొన్నరొట్టెతో గిన్నె ఊడ్చి తిన్నాడు. మూతి కూడా సరిగా కడుక్కోలేదని వదిన ఇప్పటికీ అంటుంది. ఎందుకో మాత్రం ఆమెకు తెలియదు.

ఆ ఇంటి వాకిట్లో గడను గోడకు ఆనించి వదిలేసి, నీళ్ళ పైపు ఒక్కటే తీసుకొని పైకెక్కాడు. బూట్లతో తిన్నగా నడిచివెళ్ళి ఆ వరస ముందు నిలబడ్డాడు. కింది అంచును నీళ్ళతో నానబెట్టి చేత్తో రుద్దితే ఏళ్ళనాటి రెట్టలు పొరలు పొరలుగా ఊడివచ్చాయి. అంత తేలికైన పని అది. సరిగ్గా అప్పుడే కింద పూజ గంట మోగింది. అన్న బూటు మడమ ఎత్తి శ్లాబును ఒక్కసారి గట్టిగా తొక్కాడు. ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు దవాఖానా మంచం మీద గోడవైపు తిరిగాడు.

పక్కన వదిలేసిన పైపు నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పలకలను మోసే ఇనప కాలు శ్లాబులో బిగించిన చోట సిమెంటు పగిలి ఉంది. నీళ్ళు అక్కడ మడుగు కట్టాయి.

"హాతీరాం! నీళ్ళాపు! కిందికి కారుతున్నై!" అని బుల్లెమ్మ కింది నుంచి అరిచింది.

అన్న పైపు కట్టేసి మెట్లు దూకుతూ దిగాడు. ఇంట్లో బుల్లెమ్మ తప్ప ఎవరూ లేరు. దేవుడి గది కప్పు నుంచి ధారగా నీళ్ళు పడుతున్నాయి. దీపం ఆరిపోయింది. గోడకు పైవరసలో తగిలించిన పటాల మీది నుంచి నీళ్ళు కుంకుమను ఎర్రగా జార్చుకుంటూ దిగుతున్నాయి.

"లోపలికి రా. ఆ పటాలు నాకు అందట్లేదు. తొందరగా దింపు."

అన్న గడప ఇవతలే ఆగిపోయాడు.

"బూట్లు ఇప్పేసి రా నాయనా, ఫర్వాలేదు. నువ్వు మా ఇంటి మనిషివే కదా!"

అన్నేళ్ళలో ఆ గదిలోకి రమ్మనడం అదే మొదలు. బూట్లు విప్పి వెళ్ళిపోవచ్చు. ఆమెకు తెలిసే దారే లేదు.

"నేను రాను పెద్దమ్మా," అన్నాడు.

"ఏం?"

"పొద్దుగాల కోడికూర తిన్న. తానం సుత చెయ్యలే."

బుల్లెమ్మకు అన్న నియమం తెలుసు. కారుతున్న కప్పు వైపు చూసింది. అన్న బూట్ల వైపు చూసింది. తర్వాత ఎటూ చూడలేక చేతిలో ఉన్న గంటను కింద పెట్టింది. స్టూలు తనే లాక్కొని, మోకాలు పట్టుకొని మూలుగుతూ ఎక్కింది. పడిపోతుందేమోనని అన్న గడప ఇవతలి నుంచే రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ఆమె ఒక పటం దింపి, దిగి వచ్చి, అన్నకు అందించింది. అన్న చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"పట్టుకోవయ్యా, జారిపోద్ది," అన్నది, ఏడుపు గొంతుతో.

పట్టుకున్నాడు. తువ్వాలు నిండా రెట్టల మురికి. చొక్కా విప్పి, హాల్లో కింద కూర్చొని దాంతో తుడిచాడు. ఆమె మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. చివరి పటం ఇచ్చి స్టూలు మీద కూలబడి, "ఆ వడియాల రోజు..." అన్నది.

"జల్దీ తుడవాలె పెద్దమ్మా. కాయితానికి నీళ్ళు దిగితే రంగు పోతది," అన్నాడు అన్న.

అన్న పైకెళ్ళి పగులుకు సిమెంటు పెట్టి ఇంటికొచ్చాడు.

ఆ ఇంటి పని అన్న మానలేదు. వాళ్ళూ మానిపించలేదు. ఆ వరసలోనూ అన్ని వరసల్లో తిరిగినట్టే తిరిగి కడిగేవాడు. కరెంటు పెరిగిందని వెంకటరామారావు గారు మెచ్చుకున్నారు. దీపిక కాఫీ తెచ్చి పిట్టగోడ మీద పెట్టి వెళ్ళేది. అన్న బండి చప్పుడు దూరమయ్యేదాకా బుల్లెమ్మ గదిలోంచి బయటికి వచ్చేది కాదు. మరుసటేడు వడియాలు పెరట్లో మంచం మీద ఎండాయి.

దవాఖానాలో ఇదంతా విని నాకు ఒళ్ళు మండింది.

"సిగ్గుపడాల్సింది వాళ్ళు గద అన్నా! నీకెందుకు?"

"ఆమె పడ్డది. ముసలామె స్టూలెక్కి దిగుతుంటే సూసిన గద." నా వైపు తిరిగాడు. "కోడికూర సంగతి ఎందుకు చెప్పిన్నో ఎరికేనా భానూ? నిజం చెప్దామని కాదు. ఆమెకు తగలాలని చెప్పిన. తగిలింది."

మెట్ల మీద వదిన గాజుల చప్పుడు వినిపించింది. అన్న దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.