గోడంతా గట్టిగా పలికిన రోజు

తవిటయ్య మావ ముప్ఫై నాలుగేళ్లు రైలు చక్రాల్ని సుత్తితో కొట్టి విన్నాడు. బండి వచ్చి ఆగగానే పొడుగు పిడి ఉన్న చిన్న సుత్తి పట్టుకుని పట్టాల పక్కన నడుస్తూ ఒక్కో చక్రానికీ ఒక్కో దెబ్బ వేసేవాడు. ఖంగుమని మోగితే మంచి చక్రం. మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు, ఆ బోగీని విప్పి పక్కన పెట్టాల్సిందే. ఖరగ్‌పూర్‌లో మా తెలుగువాళ్లంతా ఆయన్ని చెవి తవిటయ్య అంటారు. కొత్తవాళ్లకి పేరు చెప్పేటప్పుడు ఆయనే ముందు ఆ మాట కలిపి చెప్పేవాడు.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేదు. వాళ్ల నాన్న దగ్గర నేర్చిన వడ్రంగం ఉంది. ఊళ్లో ఇందా అనే పేటలో కొత్త ఫ్లాట్లు లేస్తున్నాయి, అందరికీ వంటింట్లో గోడకి వేలాడే అలమరలు కావాలి. అలమర తయారుచేసేవాళ్లు వేరే. దాన్ని గోడకి ఎక్కించడం మావ పని. అక్కడే చిక్కు. ఆ ఫ్లాట్లలో లోపలి గోడలు ఇటుకవి కావు, జిప్సం బోర్డువి. బోర్డు వెనక రెండడుగులకొకటి చొప్పున ఇనప చానళ్లు నిలబెట్టి ఉంటాయి. మధ్యలో అంతా బోలు. స్క్రూ చానల్‌లో దిగితే మనిషి వేలాడినా ఊడదు. ఒట్టి బోర్డులో దిగితే కొత్తలో గట్టిగా పట్టుకున్నట్టే నటిస్తుంది, బరువు పడ్డాక బిస్కత్తులా పొడైపోతుంది. చానల్ ఎక్కడుందో పైకి కనబడదు. మావ వేలి కణుపుతో కొట్టి విని చెప్పేవాడు.

చక్రానికీ ఈ గోడకీ తేడా ఒక్కటే. అక్కడ మోగితే మంచిది. ఇక్కడ మోగితే బోలు, మొద్దుగా పలికితే చానల్.

నేను ఇంజినీరింగ్ రెండో ఏడు మధ్యలో వదిలేసి టోటో, అంటే బ్యాటరీ రిక్షా, నడుపుతున్నాను. మావ సామాను మోసేది నా బండే. ఆయన ఇల్లు మా సందులోనే, నాలుగు గుమ్మాల అవతల. అందుకే ఆయన చెవి పోయిందని నాకు తెలుసు. నాకేంటి, సందంతటికీ తెలుసు. ఏం అడిగినా "ఆ, ఆ" అని తలూపేవాడు. టీ కొట్టులో మనం అన్నం తిన్నావా అంటే ఆయన వర్షం గురించి చెప్పేవాడు. గంగాభవాని అత్త ఏడాదిగా ఇంట్లో గొంతు పెంచి మాట్లాడుతోంది. దెబ్బలాట కాదు, మామూలు మాటలే. ఎవరం ఏమీ అనలేదు. చెవి తవిటయ్యని పట్టుకుని నీకు చెవుడు అని ఎవడంటాడు?

అని ఉండాల్సింది. ఎందుకంటే చెవి మందగించిన వాడికి ప్రతి చప్పుడూ మొద్దుగానే వినబడుతుంది. అదే చక్రాల దగ్గరైతే ప్రమాదం లేదు, మంచి చక్రాన్ని కూడా అనుమానించి ఆపేస్తాడు, బండి ఆలస్యమవుతుంది, అంతే. గోడ దగ్గర అలా కాదు. చెవి పోయేకొద్దీ గోడంతా చానలే అనిపిస్తుంది.

ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దున్న మహతి గారింట్లో పని. ఆవిడ ఒక బడిలో సైన్సు టీచరు. ఇందాలో మూడో అంతస్తులో ఫ్లాటు. ఆవిడ, డెబ్భై దాటిన తల్లి కోటేశ్వరి గారు, ఇద్దరే. నాలుగడుగుల అలమర, ఖాళీగానే ముప్ఫై కిలోలుంటుంది. మావ గోడ కొట్టాడు, పెన్సిల్‌తో గుర్తులు పెట్టాడు, డ్రిల్లు వేశాడు, ఆరు స్క్రూలు బిగించాడు. స్క్రూలు తేలిగ్గా దిగాయట. కొత్త బిట్టు గదా అనుకున్నాడట. పదింటికల్లా అయిపోయింది. మహతి గారికి బడిలో పరీక్షల డ్యూటీ, ఆవిడ వెళ్లిపోయారు. తన ఇత్తడి సామానంతా ఈరోజే పైకెక్కిస్తానని కోటేశ్వరి గారు సంబరంగా చెప్పి మమ్మల్ని పంపారు.

మావకి ఒక అలవాటుంది. డ్రిల్లు వేసేటప్పుడు కిందకి పొడి రాలకుండా తడి తుండు పట్టుకుంటాడు. ఇంటికొచ్చాక దాన్ని కుళాయి దగ్గర ఉతికేది అత్త. చానల్‌కి కన్నం పడితే మెరిసే ఇనప రజను వస్తుంది, అది అత్త చేతులకి గుచ్చుకుంటుంది. ప్రతిసారీ తిట్టేది. ఆ మధ్యాహ్నం తిట్టలేదు. తుండు పిండుతూ ఒక మాట అంది. మావకి అందలేదు. మళ్లీ అంది. మూడోసారికి లేచి దగ్గరకొచ్చి చెవిలో చెప్పింది.

"ఇయ్యాల ఇనప రజను నేదేటి? సేతికి గుచ్చుకోనేదు."

మావ తుండు లాక్కుని విప్పి చూశాడు. పిండి లాంటి తెల్లపొడి. అంతే.

నేను అన్నం తింటున్నాను. ఆయన మా గుమ్మంలోకొచ్చి ఫోను నా చెవికి ఆనించాడు.

"ఎవులో మాటాడతన్నారు గావాల, నాకు అందటం నేదు. ఏటంటన్నారో సూడు బుజ్జీ."

మహతి గారి ఫోను స్విచ్చాఫ్‌లో ఉందని బంగాళీలో రికార్డు చెబుతోంది. ఆయన దాంతో ఎంతసేపు మాట్లాడాడో నాకు తెలియదు. మహతి గారి అమ్మని అలమర దగ్గరకి వెళ్లొద్దని చెప్పమని బహుశా పదిసార్లు చెప్పి ఉంటాడు. స్విచ్చాఫ్ అని నేను చేత్తో చూపించాను. కోటేశ్వరి గారికి ఫోను లేదు.

"బండి తియ్యి. ఆ గోడకి సానల్ తగల్నేదు."

చెయ్యి కడుక్కోకుండానే బండి తీశాను. గోల్‌బజార్ దగ్గర ఇరుక్కున్నాం. చేపల బండి ఒకటి అడ్డంగా ఆగి ఉంది, వాడు బేరం ముగించేదాకా కదలనన్నాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అద్దంలో చూస్తే వెనక మావ రెండు అరచేతులూ పైకెత్తి ఉంచాడు, అప్పుడే ఏదో మోస్తున్నట్టు. టోటో ఇరవై అయిదు దాటదు. దాటి ఉంటే ఆరోజు ఎవరినైనా గుద్ది ఉండేవాణ్ణి.

"ముసిలామె ఒక్కద్దే ఉంటాది," అన్నాడు ఇందా వచ్చాక. అదీ నాతో కాదు.

మూడంతస్తులు ఎక్కాం. బెల్లు కొట్టాం. తలుపు తెరుచుకోలేదు. మావ నా భుజం పట్టుకున్నాడు.

"ఏటైనా ఇనబడతందా?"

"గిన్నెల చప్పుడు మావా."

"పడిన సప్పుడా, సర్దిన సప్పుడా?"

నాకు తెలియలేదు. నిజంగానే తెలియలేదు. రెండో బెల్లుకి లోపల కర్ర టకటకమంది, కోటేశ్వరి గారు కుంటుకుంటూ వచ్చి గొళ్లెం తీశారు. ఏం మర్చిపోయావు తవిటయ్యా అని ఆవిడ అడుగుతుంటే మావ చెప్పులతోనే వంటింట్లోకి పోయాడు.

అలమర నిండా ఇత్తడి. బిందెలు, గంగాళం, ఇడ్లీ పాత్ర, కింది అరలో రాతి రోలు. దాని కింద ఆవిడ కుర్చీ, కుర్చీ పక్కన సగం తరిగిన ఆనపకాయ. పైఅంచు దగ్గర అలమరకీ గోడకీ మధ్య బొటనవేలు పట్టే సందు. పొద్దున్న అక్కడ కాగితం కూడా దూరలేదు. స్క్రూల చుట్టూ తెల్లపొడి సన్నగా రాలుతోంది.

మావ కుర్చీని కాలితో తన్నేసి కిందకి దూరి, రెండు చేతులూ తలా ఆనించి నిలబడ్డాడు.

"అమ్మా, తవరీ గదిలోంచి బైటికెల్లిపోండి."

"నా వంటింట్లోంచి నన్నే పొమ్మంటావేంటయ్యా? ఇంకా సగం సర్దాలి."

నేను ఆవిడని జబ్బ పట్టుకుని గుమ్మం బయట నిలబెట్టాను. మర్యాద కాదు, తెలుసు. తర్వాత స్టూలెక్కి ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టాను. ముందు రోలు దించబోయాను, దాంతో అలమర కదిలింది, లోపల కిర్రుమంది. మావకి ఆ చప్పుడు వినబడలేదు. నాకు వినబడింది. అరవై ఆరేళ్ల మనిషి, తల మీద జిప్సం పొడి, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఊడుతోందని చెప్పాలంటే అరవాలి. అరవడానికి కూడా భయం వేసింది నాకు, ఆ అరుపుకే ఊడుతుందేమోనని. రెండుసార్లు కిర్రుమంటే రెండుసార్లూ ఆయన భుజం నొక్కాను. నొక్కినప్పుడల్లా ఆయన ఇంకాస్త పైకి లేపేవాడు.

గంగాళం దించేసరికి పైనున్న మూడు స్క్రూలూ ఒకేసారి బయటికొచ్చేశాయి. నేను స్టూలు మీంచి దూకి రెండో వైపు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి నేల మీదకి దించాం. మావ దాని పక్కనే కూలబడ్డాడు.

గుమ్మంలోంచి కోటేశ్వరి గారు గోడ వైపూ, తన కుర్చీ వైపూ చూశారు. పొద్దున్న గోడంతా కొట్టి చూశావు గదా అని అడిగారు. ఆవిడ పెదాలు చూసి మావ అర్థం చేసుకున్నాడు.

"నాకు ఇనబడ్డం నేదమ్మా. ఏడాదయ్యింది. గోడంతా గట్టిగానే పలికింది నాకు."

మూడున్నరకి మహతి గారొచ్చారు. వెళ్లిపోదాం మావా అని నేనన్నాను, ఆయన కదల్లేదు. జరిగిందంతా తనే చెప్పాడు. ఆవిడ ఒక్క మాట అన్నారు, ఆయనకి అందలేదు, ఏటంది అని నన్నడిగాడు. వినబడకపోతే మా వెనక బెంచీ పిల్లలు కూడా చెయ్యెత్తి చెబుతారు బాబాయ్ గారూ, అన్నదే ఆ మాట. దాన్ని నేను ఆ ముసలావిడ ముందు అరిచి చెప్పాల్సొచ్చింది.

తర్వాత మహతి గారు తన సంచిలోంచి పిల్లలకి పాఠం చెప్పే అయస్కాంతం తీసి, దారం కట్టి, గోడ మీద మెల్లగా జరిపారు. ఒక చోట టక్కున అతుక్కుంది. రెండేసి అడుగుల అవతల మరో రెండు చోట్ల అతుక్కుంది. మావ పెట్టిన గుర్తులకీ దానికీ జానెడు దూరం. ఆయన ఆ దారాన్ని తీసుకుని మూడుసార్లు జరిపి చూశాడు. ముప్ఫై నాలుగేళ్ల చెవి చేసే పని రెండు వేళ్లంత ఇనపముక్క చేసేసింది. ఆయన మొహం వైపు నేను చూడలేదు.

అంగుళం మందం ప్లై పట్టీ నేను పోయి కోయించుకొచ్చాను. మూడు చానళ్లకీ అడ్డంగా దాన్ని బిగించాడు, చానల్‌కి రెండేసి స్క్రూలు. ప్రతి కన్నానికీ తుండు పట్టి, అందులో వేలు రుద్ది, గుచ్చుకుంటేనే స్క్రూ పెట్టాడు. అలమర అడుగు భాగం వచ్చే చోట ఇంకో పట్టీ. అలమర ఎక్కించే ముందు పై పట్టీని రెండు చేతులా పట్టుకుని కాళ్లు పైకెత్తి వేలాడాడు. గోడ కదల్లేదు. అప్పుడు అలమరని ఆ పట్టీలకి బిగించాం. కోటేశ్వరి గారి కుర్చీ మాత్రం ఆ గోడ దగ్గరకి మళ్లీ రాలేదు. ఆవిడ దాన్ని కిటికీ కింద వేసుకున్నారు.

మహతి గారు అయస్కాంతం ఆయన జేబులో పెట్టారు. మెట్లు దిగాక మావ అత్తకి ఫోను చేసి నాకిచ్చాడు.

"తుండు సేతికి గుచ్చుకోక ఎన్నాళ్లయ్యిందో అడుగు."

అడిగాను. అత్త ఆలోచించి చెప్పింది.

"పూజల కాడ్నుంచీ ఒకోపాలి గుచ్చుకుంటాది, ఒకోపాలి గుచ్చుకోదు. పని సులువయ్యింది గావాలనుకున్నాను."

ఆ మాట ఆయనకి చెప్పకుండా ఉండే దారి ఏదైనా ఉందా అని చూశాను. లేదు. చెప్పాను. టోటో అంచు మీద కూర్చుని వేళ్లు ముడిచాడు. దుర్గాపూజల నుంచి ఇప్పటికి ఏడిళ్లలో అలమరలు ఎక్కించాడు. ఇందాలోనే నాలుగు. ఒకటి ఇండస్ట్రియల్ పార్క్ దారిలో. మిగిలిన రెండు ఎవరివో వెంటనే గుర్తు రాలేదు, దానికి తన తలమీద తనే కొట్టుకున్నాడు.

మొదటి ఇల్లు రెండు సందుల అవతల. బంగాళీ దంపతులు, ఆవిడకి అప్పుడు నెలలు నిండాయి. ఇప్పటికి బిడ్డ పుట్టే ఉంటుంది. దారిపొడుగునా మావ ఒకే మాట పెదాలతో అనుకుంటూ వచ్చాడు: దీదీ, ఆమి కానే శుని నా. నాకు చెవులు వినబడవు అని. ఇంత పనిచేసినా ఏ గుమ్మంలోనూ అనని మాట.

బెల్లు నొక్కాడు. లోపల మోగిందా అని నన్నడిగాడు. మోగిందన్నాను. ఎవరూ రాలేదు. తలుపుకి చెవి ఆనించబోయి ఆగి, నన్ను ఆనించమన్నాడు. ఆనించాను. లోపల నిశ్శబ్దం. ఆయన నా మొహం వైపే చూస్తూ మళ్లీ బెల్లు నొక్కాడు.