ఖాలా కరెంటు చెప్పులు

పొయ్యి మీద పాలు పెట్టి ఇటు తిరిగానో లేదో అమ్మ ఫోన్ చేసింది. "ఖాలా పోయిందే," అంది. ఆ వెంటనే, "ఇంట్ల అన్నీ బంద్ చేసి రా. గీజరు చూసుకో," అని పెట్టేసింది. చావు కబురు చెబుతూ గీజరు సంగతి ఎత్తే మనిషి కాదు మా అమ్మ. ఆ మాట ఖాలాది. ఎవరు ఊరికి బయలుదేరినా గుమ్మం దాకా వచ్చి అదే చెప్పేది. అది అమ్మ నోటికి ఎప్పుడు చేరిందో నాకు తెలియదు.

ఖాలా మాకు చుట్టం కాదు. తాండూరులో మా కిరాయి ఇంటి పక్క వాటా ఆమెది. తలుపులు రెండు, వాకిలి ఒకటే, నల్లా ఒకటే. ఆమె బట్టలు కుట్టేది, ఒక్క కూతురు నస్రీన్‌ని పెంచుకుంది. అమ్మ ఆమెను అక్క అనేది కాబట్టి నాకు ఖాలా, అంటే పెద్దమ్మ, అయింది. జ్వరమే కదా అనుకుంటూ ఉండగా గుండె ఆగిపోయిందట. పెళ్ళయినప్పటి నుంచి నేనుంటున్నది వికారాబాద్‌లో. అన్నీ బంద్ చేసి, తాళం వేసి, మళ్ళీ తీసి, గీజరు ఇంకోసారి చూసి, రైలెక్కాను. ధారూర్ దాటేదాకా ఏడుపు రాలేదు. ఆ తర్వాత కుడి అరచెయ్యి తెరిచి చూసుకున్నాను. అందులో అడ్డంగా ఒక మచ్చ ఉంది, చేతిరేఖల్లో కలిసిపోయింది. దాన్ని చూశాకే ఏడ్చాను.

ఆ మచ్చ సంగతి చెబితే గానీ ఖాలా ఎవరో మీకు తెలియదు.

మా వాకిలి చివర బాత్రూం ఉండేది. దానికో బల్బు. ఇంట్లోంచి అక్కడికి వైరు పోవాలి, మధ్యలో స్తంభం లేదు. మా దగ్గర చాలా ఇళ్ళలో చేసేదే మా నాన్నా చేశాడు. బట్టలారేసే దండెం ఇనుప తీగ ఎలాగూ ఇంటి నుంచి బాత్రూం దాకా ఉంది కదా అని, బల్బు వైరును దానికే చుట్టుకుంటూ తీసుకుపోయాడు. వైరు వేలాడకుండా చక్కగా నిలబడింది. నాన్నకు ఆ పని మీద గర్వం కూడా ఉండేది. ఖాలా మాత్రం ఆ తీగ కింద నుంచి పోయేటప్పుడల్లా తల వంచుకునేది, అది తలకు తగిలేంత కిందికి లేకపోయినా. "అన్నా, బట్టలకు తాడు కట్టు. ఇనుము, కరెంటు పెండ్లి చేసుకుంటె సచ్చేది మనమే," అనేది. నాన్న నవ్వి, ఆదివారం కడతాననేవాడు. ఆమె దండెం మాత్రం నైలాన్ తాడే.

నేను ఇంటర్ చదువుతున్న ఏడు, ఆషాఢంలో, వాన వెలిసిన మధ్యాహ్నం. వాకిలంతా పరిచిన బండలు తడిసి నల్లగా ఉన్నాయి. నా కాళ్ళకు చెప్పుల్లేవు. పిండిన తువ్వాలు దండెం మీద వేసి, జారకుండా తీగ పట్టుకున్నాను. ఏ ఎండకు ఎండి పగిలిందో వైరు పైతొడుగు, తీగలోకి కరెంటు దిగి ఉంది. నా చెయ్యి మూసుకుపోయింది. తెరుద్దామంటే తెరుచుకోలేదు. ఒంటిని లోపలి నుంచి ఎవరో పట్టి ఊపుతున్నట్టుంది. అరుద్దామంటే పళ్ళు కరుచుకుపోయాయి. కళ్ళు మాత్రం పనిచేస్తున్నాయి. అన్నీ చూస్తున్నాను.

అమ్మ బియ్యం చాటతో బయటికి వచ్చింది. నన్ను చూసింది. చాట ఎక్కడ పడిందో, చేతులు చాచుకుని నా మీదికి ఉరికింది. ఇంకో రెండు అంగలు వేస్తే నన్ను పట్టుకునేది. అప్పుడే పక్క తలుపులోంచి ఖాలా వచ్చి వెనక నుంచి అమ్మ నడుము చుట్టూ చేతులు వేసి ఆపేసింది.

"ముట్టకు. ముట్టకు చెల్లె. మెయిన్ బంద్ చేద్దాం పా."

అమ్మకు వినపడలేదు. గింజుకుంది. ఖాలా సన్నటి మనిషి, అమ్మ బలం ముందు ఆమె బలమెంత? అమ్మను వదిలి మెయిన్ దగ్గరికి పరుగెత్తితే అమ్మ వచ్చి నన్ను పట్టుకుంటుంది. అమ్మను పట్టుకుని నిలబడితే నేను పోతాను. ఇంట్లో వేరే మనిషి లేడు. ఖాలా అమ్మ కొప్పు పిడికిట్లో పట్టి, ఇంకో చెయ్యి మెడ కిందుగా వేసి, లోపల మెయిన్ ఉన్న మా ఇంటి తలుపు వైపు ఈడ్చుకుపోయింది. అమ్మ ఆమె మణికట్టు కొరికింది. ఖాలా నోరు తెరవడం కనిపించింది, చెయ్యి మాత్రం వదల్లేదు. ఇద్దరూ గడపలో పడుతూ లేస్తూ లోపలికి పోయారు. వాకిట్లో నేనొక్కదాన్నే మిగిలాను. నన్ను వదిలేసి పోయారనే అనుకున్నాను. అంత భయం నా బతుకులో మళ్ళీ పడలేదు.

చెయ్యి ఒక్కసారిగా వదులైంది. బండల మీద పడ్డాను.

తర్వాతివి ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. ఎవరో నా నోట్లో నీళ్ళు పోయబోతే ఖాలా చెంబు తోసేసింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూసింది. నేను లేచి కూర్చుని మంచిగనే ఉన్నానంటే ఒప్పుకోలేదు. "మాట్లాడుతున్నదని ఇడిశిపెడ్తరా? గుండెకాయ లోపట ఎట్లున్నదో మనకేం ఎరుక? దవాఖానకు పా," అని ఆటో పిలిపించింది. డాక్టరు గుండె పరీక్ష చేసి, ఒక రాత్రి అక్కడే ఉంచుకుని పంపించాడు. ఖాలా చేతికి కూడా అక్కడే కట్టు కట్టించారు.

మర్నాడు నాన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ వైరు తీసేయించి, దండేనికి తాడు కట్టాడు. ఆ రోజు ఆదివారం కాదు.

ఇంతటితో కథ సుఖంగా ముగిసిందనుకుంటే మా అమ్మ మీకు తెలియనట్టే. అమ్మ ఖాలాతో మాటలు బంద్ పెట్టింది. "నా పిల్ల కొట్టుకుంటుంటె నన్ను జుట్టు పట్టి గుంజుకపోయింది. ఆమె పిల్లయితె గట్లనే గుంజుకపోతుండెనా?" అనేది. ఖాలా పట్టుకోకపోతే ఇద్దరూ పోయేవాళ్ళని నాన్న చెప్పబోతే, "నాకు తెల్వదా?" అని కసిరేది. తెలుసు. తెలిసినా ఆమె కడుపు ఒప్పుకోలేదు. బిడ్డకు వీపు తిప్పించారన్నది ఆమె బాధ. ఖాలా ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. మణికట్టు మీద పంటి గాట్లు మానుతుంటే నాకు చూపించి, "సూడు, మీ అమ్మ తొడిగిన గాజు," అనేది. అమ్మ వింటూనే గిన్నెలు గట్టిగా తోమేది.

ఖాలా ఇంట్లో మెయిన్ పక్కన మేకుకు ఒక జత నీలం రబ్బరు చెప్పులు వేలాడుతుండేవి. అవి కరెంటు చెప్పులు. ఎప్పుడూ పొడిగా ఉండాలి, వేసుకుని బయటికి పోకూడదు. నస్రీన్ ఒకసారి వాటితో బాత్రూంకి పోయినందుకు పొద్దంతా తిట్లు తిన్నది. అలాగని ఖాలాకు రిపేరు పనులేమీ రావు. ఫ్యూజు వైరు కూడా తను ముట్టేది కాదు. "నాకు బంద్ చేసుడు ఒక్కటే వస్తది. బాగు చేసేటోళ్ళు వేరే ఉన్నరు," అనేది. గాలిదుమారానికి గల్లీలో కరెంటు తీగ తెగి పడ్డ రోజు ఆమె చేసిందీ అంతే. కరెంటు ఆఫీసుకు ఫోన్ చేయించి, గల్లీ మొదట్లో కుర్చీ వేసుకుని, ఒళ్ళో జాకెట్టు పెట్టుకుని కాజాలు కుడుతూ కూర్చుంది. ఇంకో కొసన నస్రీన్‌ని నిలబెట్టింది. వచ్చిన ఆటోనల్లా వెనక్కి పంపింది. మేకలు తోలుకొచ్చిన ముసలాయన, "రోజు గిదే తొవ్వ కదనమ్మా," అని తగువు పడ్డాడు.

"రేపు గూడ గిదే తొవ్వ. ఇయ్యాల ఒక్క రోజు కాదు," అంది తలెత్తకుండా. ఆయన గొణుక్కుంటూ మేకలను మళ్ళించుకుపోయాడు.

అమ్మ మౌనం శ్రావణం దాకా సాగింది. ఒక శుక్రవారం అమ్మ తలస్నానం చేసి పూజకు కూర్చోబోతోంది. ఖాలా మా గడప అవతల నిలబడి ముక్కు ఎగబీల్చి నాతో అంది, "బేటీ, మీ అమ్మను అడుగు, శ్రావణంల చేపలెందుకు వండుతున్నదని."

"మా ఇంట్ల చేపలు ఎవరు వండలేదని చెప్పు," అంది అమ్మ లోపలి నుంచి, నాతోనే.

"మరి వాసన ఎక్కడిది?"

నాకూ అప్పుడే తెలిసింది. పచ్చి చేపల్లాంటి నీచు వాసన. ఖాలా మొహం మారిపోయింది. నన్ను పక్కకు జరిపి, అడగకుండానే లోపలికి వచ్చి, గోడలు వాసన చూస్తూ ఫ్రిజ్ దాకా పోయింది. దాని వెనక బోర్డులో ప్లగ్గు కరిగి, గోధుమ రంగుకు తిరిగి, సన్నగా పొగ వస్తోంది. ఆ నీచు వాసన దానిదే. మేం చూస్తుండగానే చిన్న మంట లేచింది. కిటికీ పరదా దానికి జానెడు దూరంలో ఉంది. అమ్మ పూజకు పెట్టుకున్న కలశం చెంబే ఎత్తింది.

"నీళ్ళు వద్దు."

అమ్మ చెంబు ఎత్తిన చేత్తోనే ఆగింది. ఈసారి గింజుకోలేదు. ఖాలా కళ్ళలోకి చూస్తూ అలాగే నిలబడింది. చెంబులోంచి నీళ్ళు ఆమె మోచేతి మీదుగా కారుతున్నాయి. ఖాలా పోయి మెయిన్ కిందికి లాగింది. పరదా గుంజి అవతల పడేసి, తులసి కుండీలో పొడి మట్టి రెండు పిడికిళ్ళు తెమ్మని నన్ను పంపి, దాన్ని మంట మీద కొట్టింది. మంట చచ్చింది. గోడ మీద నల్లటి మరక మిగిలింది.

అమ్మ చెంబు కింద పెట్టి, "కూసో అక్క, చాయ పెడ్త," అంది. నాతో కాదు, ఆమెతో.

ఆ చాయ తాగుతూనే ఖాలా తన పుట్టింటి సంగతి చెప్పింది. వాళ్ళది బంట్వారం వైపు పల్లె. బాయి దగ్గర మోటరు డబ్బా పట్టుకుని వాళ్ళ అన్న అతుక్కుపోయాడట. వాళ్ళ నాన్న ఉరికొచ్చి కొడుకును పట్టుకుని ఆయనా పోయాడట. "అమ్మీజాన్ గూడ ఉరికింది. బురదల కాలు జారి పడ్డది. పడ్డది గాబట్టి మిగిలింది. నేను సిన్నదాన్ని, సూసుకుంట నిలవడ్డ. ఒకలు పోతె ఏడుస్తం చెల్లె. అందరు పోతె ఏడ్సేటోళ్ళు గూడ ఉండరు. అప్పుడు గుంజనీకె నాకు రాకపాయె." అమ్మ ఆమె గాజు చేతిని ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. మర్నాటి నుంచి మా ఇంట్లో జొన్నరొట్టె చేస్తే రెండు అటు పోయేవి. కానీ ఆ దండెం రోజు గురించి అమ్మ మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. నువ్వు చేసింది మంచిదని ఆమె ముఖాన చెప్పిందీ లేదు.

నేను చేరేసరికి వాకిలి నిండా మనుషులు. ఖాలాను లోపల పడుకోబెట్టారు. మొహం మీద నుంచి దుప్పటి తొలగించి చూపించారు. ఏదో కుట్టు విప్పుతున్నప్పటిలాగా కనుబొమలు కొంచెం దగ్గరగా ఉన్నాయి. నేను ఆమె కుడి మణికట్టు ముట్టుకున్నాను. గాజు అక్కడే ఉంది.

స్నానం చేయించడానికి వాకిట్లో ఇనుప బకెట్లో నీళ్ళు పెట్టారు. తొందరలో ఎవరో హీటరు రాడ్డు అందులో వేసి, ఖాలా ఇంటి గుమ్మం పక్క బోర్డుకు ప్లగ్గు పెట్టి, స్విచ్ వేసి పోయారు. చుట్టూ బండల మీద నీళ్ళు ఒలికి ఉన్నాయి. నస్రీన్ లోపలి నుంచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. ఎవరినీ చూడకుండా నేరుగా బకెట్ దగ్గరికి పోయి, నీళ్ళు ఎంత వెచ్చగున్నాయో చూడటానికి చెయ్యి చాచి వంగింది.

నేను అడుగు వేసేలోపే అమ్మ ఎటు నుంచి వచ్చిందో, వెనక నుంచి నస్రీన్ నడుము పట్టి వెనక్కి గుంజింది.

"ఇడువు చిన్నమ్మా. మా అమ్మకు సన్నీళ్ళు పడయి. నేనే చూస్త."

"సూద్దువు. జర ఆగు."

"ఇడువుమంటున్న కదా," అని నస్రీన్ పెనుగులాడింది. అమ్మ చేతుల మీద గోళ్ళు దిగాయి. అమ్మ వదల్లేదు.

"కొరుకుతె కొరుకు బిడ్డా. నేను ఇడువ."

నస్రీన్ ఆగిపోయింది. ఆ మాట ఎక్కడిదో మా ముగ్గురికే తెలుసు. అమ్మ ఆమెను అలాగే పట్టుకుని, తనతో పాటే గుమ్మం దాకా నడిపించుకుపోయింది. లోపల మేకు మీది నీలం చెప్పులు తీసి వేసుకుంది. స్విచ్ ఆపింది. ప్లగ్గు పీకి, ఆ కొసను నాలుగైదుసార్లు చూసుకుంది. తిరిగొచ్చి రాడ్డు తీసి పక్కన పెట్టి, నీళ్ళలో ముందు తన చెయ్యే ముంచింది. కాసేపు అలాగే ఉంచింది. పెదవులు కదులుతున్నాయి, ఏమంటోందో వినపడలేదు. తర్వాత నస్రీన్ చెయ్యి పట్టి ఆ నీళ్ళలో పెట్టి, "సరిపోయినయి. ఇగ తీస్కపో," అంది.

సాయంత్రం జనాజా లేచింది. మగవాళ్ళు భుజాలు మార్చుకుంటూ గల్లీ మలుపు తిరిగారు. చావింట్లో అందరం ఉత్త కాళ్ళతోనే ఉన్నాం. అమ్మ ఒక్కతే, తన పాదాలకు పెద్దవైన ఆ నీలం చెప్పుల్లో, ఖాలా గుమ్మంలో మెయిన్ పక్కన నిలబడి ఉంది.