గ్లాసులు తుడిచేవాడికి పేరు పెట్టారు

డెల్బర్ట్ క్రంప్ టీవీలో చచ్చిపోయిన రాత్రి అమెరికాలో ఎవరూ కుళాయి తిప్పలేదు. ఇంటింటా జనం కన్నీళ్ళతోనే గిన్నెలు కడుక్కున్నారు. నమ్మనివాళ్ళు స్టూడియోలుండే బర్బాంక్ ఊరు వెళ్ళి, మూలమీది కాఫీ హోటల్లో ఎవర్నైనా అడగండి. మర్నాడు పొద్దున శవం అక్కడే కూర్చుని గుడ్లు తింటూ, కాఫీ చల్లారిందని సణిగింది కూడా.

అంతకుముందు తొమ్మిదేళ్ళు ఒక గుర్రాల సీరియల్లో సారా కొట్టు బల్ల వెనక నిలబడి గ్లాసులు తుడవడమే డెల్బర్ట్ ఉద్యోగం. హీరో వస్తే పోసేవాడు, దొంగలొస్తే బల్ల కింద దూరేవాడు. పాత్రకి పేరు లేదు. బజార్లో ఎవరో ఒకరు ఆపి, "మా ఇంట్లో పైపులు బాగుచేసింది నువ్వే కదూ?" అనేవారు. కాదని చెప్పీ చెప్పీ విసిగి, చివరికి అవుననడం మొదలుపెట్టాడు.

పదో ఏడు వచ్చిన స్క్రిప్టులో ఆ గ్లాసులవాడు అమోస్ అయ్యాడు. అమోస్‌కి ఒక కూతురు, పేజీ నిండా మాటలు. భార్య నోరీన్ వీధంతా చాటి, అనాసపండు కేకు చేసింది. డెల్బర్ట్ ముట్టుకోలేదు.

"ఇన్నాళ్ళకి నీకో పేరొస్తే మొహం అలా పెట్టావేమయ్యా?"

"పేరు పెట్టారంటే పాడె కట్టినట్టే నోరీన్. ఉత్త గ్లాసులవాణ్ణి చంపితే ఎవడేడుస్తాడు? అందుకే ముందు పేరు, కూతురు. ఆనక తుపాకి."

బలిచ్చే పొట్టేలుకేగా పూలదండ! చివరి పేజీలో తుపాకి ఉండనే ఉంది.

మర్నాడు వెళ్ళి రచయిత వాక్స్‌ని బతిమాలాడు. పేరు తీసెయ్యమన్నాడు, కూతుర్ని తీసెయ్యమన్నాడు, భుజం మీద కాలిస్తే రెండో చేత్తో గ్లాసులు తుడుచుకుంటానన్నాడు. వాక్స్ అదంతా వినయమనుకున్నాడు.

"ఇంత గొప్ప చావు హీరోక్కూడా రాయలేదు పెద్దాయనా."

"గొప్పది నాకొద్దు బాబూ. వచ్చేవారం పని కావాలి."

షూటింగులో గుండు తగిలి పడ్డాక డెల్బర్ట్ చిటికెనవేలు మెల్లగా కదిలించాడు. తెరమీద వేలు కదిలితే, డాక్టరు బతికించాడని రాసుకోవచ్చు కదా అని ఆశ. శవాలు వేళ్ళాడించవని డైరెక్టరు మళ్ళీ తీయించాడు. ఈసారి కనురెప్ప కొట్టుకుంది. ఆ తర్వాత పొట్ట. చివరికి చేతులు దుప్పటికింద దోపి, మొహాన హీరో టోపీ బోర్లించారు. షాటు ముగియగానే అందరూ చప్పట్లు కొట్టారు. అతని బతుకులో పడ్డ మొదటి చప్పట్లవి. కొట్టినవాళ్ళ మొహాలు టోపీ అడ్డమై కనబడలేదు.

పై వారం అదే ఏప్రన్ కట్టుకుని ఇంకొకడు గ్లాసులు తుడిచాడు. డెల్బర్ట్ మిగతా స్టూడియోల గుమ్మాలన్నీ ఎక్కి దిగాడు. అందరూ ఆప్యాయంగా కూర్చోబెట్టి ఒకే మాట చెప్పారు. అమోస్ చావడం దేశమంతా చూసింది, మళ్ళీ ఇంకోచోట కనిపిస్తే జనం ఒప్పుకోరని. పైపులవాడిగా ఉన్నన్నాళ్ళూ పని దొరికింది. పేరొచ్చాక మొహం చెల్లకుండా పోయింది.

హోటల్లో మాత్రం కన్నీళ్ళ కథ ఏడాదికేడాది పెరుగుతూనే ఉంది. మొన్న ఎవరో దాన్ని కాలిఫోర్నియా అంతటా వరదలొచ్చాయనేదాకా లాక్కొచ్చారు. డెల్బర్ట్ గుడ్డుమీద ఉప్పు చల్లుకుంటూ అన్నాడు:

"ఎవరూ ఏడవలేదు. నేను చచ్చేవేళకి మా నోరీన్ గిన్నెలు కడుగుతోంది. కుళాయి నీళ్ళతోనే."