జర్మనీకి పంపిన మిరపకాయలు

మా ఆయన గుంటూరులో కెమిస్ట్రీ లెక్చరర్. ఎనభైల్లో రెండేళ్ళు సెలవు పెట్టి, మిరపకాయల్లోంచి రంగూ ఘాటూ ఉన్న చిక్కటి సారం తీసే చిన్న ఫ్యాక్టరీ పెడతానన్నారు. సత్తెనపల్లి దగ్గర మా పొలంలో రేకుల షెడ్డు వేయించారు. యంత్రమూ, దాన్ని నడిపే పద్ధతీ పశ్చిమ జర్మనీలో ఒక సంస్థ ఇస్తుందట. ముందు మా కాయలు వాళ్ళ లాబొరేటరీలో నెగ్గాలి. నెగ్గకపోతే ఆయన మళ్ళీ చాక్‌పీసు పట్టుకోవలసిందే.

వాళ్ళడిగిన తీరు నాకు ఇప్పటికీ వింతే. పది టిక్కీల్లోంచి, అంటే మిర్చి బస్తాల్లోంచి, చేతికందిన కాయలు తీసి, ఏరకుండా, తుడవకుండా పంపాలట. ఆయన అలాగే మూట కట్టి, పనిమీద ఒంగోలు వెళ్ళారు. మా అత్తగారు ఆ మూట విప్పి చూశారు.

"ఈ తాలుకాయలు దొరలకు పంపుతాడా? మన పరువేం కాను?" అన్నారు.

నాకూ నిజమేననిపించింది. ఇద్దరం కూర్చుని తెల్లబడ్డ కాయలన్నీ ఏరేసి, ఎర్రగా నిగనిగలాడేవి నింపాం. చేతులు మండకుండా మధ్యమధ్య ఆముదం రాసుకున్నాం. మిరపకాయలు ముట్టుకునే ఆడవాళ్ళందరూ చేసే పనే అది. ఆయన వచ్చి, మూట చూడకుండానే పార్సిల్ చేశారు.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. మీ కాయల మీద మిరపది కాని నూనె ఉంది, మెరుపు కోసం ఏమైనా పూశారా అని. తను ఊళ్ళో లేనప్పుడు మూట విప్పి ఉంటామని అనుమానించి, ఆయన ఉత్తరం పట్టుకుని అత్తగారి దగ్గరకు వచ్చారు.

"అమ్మా, ఏం కలిపావు?"

"కలపడమేందిరా? తాలు తీశాం, అంతేగా."

"నువ్వు చెప్పు," అన్నారు నాతో.

"ఏమీ కలపలేదండి," అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఆయన తల పట్టుకున్నారు. కాయలు ఏరడం మా ఇంటివాళ్ళ పొరపాటే, కానీ ఏ నూనే పూయలేదని నేను స్వయంగా హామీ ఇస్తున్నాను అని రాసి పంపారు.

మూడు వారాల తర్వాత ఇంట్లో కారానికి తొడిమలు తీయబోతూ ఆముదం గిన్నె అందుకున్నాను. ఆ రోజు మా చేతులకు రాసుకున్న ఆముదమే కాయలకు అంటిందని అప్పుడు తట్టింది. చెప్పాలా, ఊరుకోవాలా? మధ్యాహ్నం దాకా గింజుకుని, అన్నం వడ్డిస్తూ చెప్పేశాను. ఆయన చెయ్యి కడుక్కుని, ఉన్నదున్నట్టు ఇంకో ఉత్తరం రాశారు.

జవాబు మర్యాదగానే వచ్చింది. ఆయన దాన్ని నాకు తెలుగులో చదివి చెప్పారు. మీ రెండు ఉత్తరాల్లో దేన్ని నమ్మాలో మాకు తెలియడం లేదు, అందుకే ఈ ప్రయత్నం ఇక్కడితో ఆపుతున్నాం అని.

రెండూ ఆయన నిజమనుకునే రాశారు. ఆ మాట వాళ్ళకు ఎలా చెప్పాలో ఇంగ్లీషు వచ్చిన ఆయనకే తోచలేదు, నాకేం తోస్తుంది? సెలవు ఇంకా ఏడాది ఉండగానే, జూన్‌లో ఆయన కాలేజీకి వెళ్ళిపోయారు.